చప్పట్లు మరిగిన చిరుత

బిజిలీ అని ఒక సర్కస్ చిరుత ఉండేది. అది మండే చక్రంలోంచి గెంతితే, ఆ విసురుకి డేరా లేచి పక్క తాలూకాలో పడేది! జనం చప్పట్లకు మబ్బులు చిల్లులుపడి వాన కురిసేది! ఇంత పేరున్నా దాని మనసు వేట మీదే. బోనులోకి విసిరిన మాంసం నములుతూ, అడవిలో వాళ్లమ్మ వేటాడిన తీరు తలుచుకుని కుమిలిపోయేది.

చివరికి సర్కస్ మూతపడింది. బిజిలీని అడవిలో వదిలేశారు. కడుపు కాలిపోతుండగా, వాగు పక్క బండ మీద ఓ దుప్పి కనబడింది. బిజిలీ పొదచాటున నక్కి ఒక్క గెంతు గెంతింది. అబ్బో, ఏం గెంతు! సూర్యుడికి తగిలి మీసాలు కమిలాయి! దుప్పిని దాటేసి అవతల దిగి, అలవాటుకొద్దీ తల వంచి చప్పట్ల కోసం ఆగింది.

ఆ సందులో దుప్పి గట్టెక్కేసింది. "ఏం మామా, దండం పెట్టి మరీ తింటావా?" అని వెక్కిరించింది.

మర్నాడు బండ చుట్టూ దుప్పుల మంద చేరింది. "మామా, మావాళ్లు నమ్మడం లేదు. నిన్నటి గెంతు మళ్లీ ఒక్కసారి!"

బిజిలీ ఇంకా ఆకలితోనే ఉంది. చూడాలన్న ఆత్రంలో ఓ దుప్పిపిల్ల పంజాకు అందేంత దగ్గరికొచ్చి నిలబడింది. బిజిలీ దానివంక చాలాసేపు చూసింది.

తర్వాత దాని మీంచి గెంతింది.

బండ మీద గిట్టలన్నీ చప్పట్లలా టపటపా మోగాయి. బిజిలీ తల వంచింది. ఆ చప్పుడు ఆగేదాకా ఎత్తలేదు.