కొండను ముంచిన ప్రోగ్రామ్

తెరమీది మ్యాపులో మళ్ళీ కొండే మునిగింది. ఏటి ఒడ్డు మాత్రం పొడిగా, హాయిగా ఉంది.

వరద హెచ్చరికల ఆఫీసులో ఆమె కీబోర్డును విసురుగా పక్కకు తోసింది. నీటి లెక్క కట్టే పాత ప్రోగ్రామ్‌ను కొత్త పైథాన్ ప్రోగ్రామ్ నుంచి పిలవాలి. పాతదాని సోర్సు కోడ్ ఎప్పుడో పోయింది. కంప్యూటర్‌కు తప్ప మనిషికి అర్థంకాని కంపైలైన ఫైలొక్కటే మిగిలింది. విప్పి చూడటానికి లేదు, అడిగితే చెప్పదు. పొద్దుటి నుంచీ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

అక్క మళ్ళీ ఫోన్ చేసింది. ఆవిడ ఇల్లు ఏటి ఒడ్డునే.

"ఏమే, సామాను మేడమీదికి ఎక్కించమంటావా?"

"ఉండవే అక్కా, నా ప్రాణం తియ్యకు! ఈ ముసలి ప్రోగ్రామ్ కొండను ముంచి మీ వీధిని ఆరబెడుతోంది."

"అయితే మాకేం భయం లేదన్నమాట!" అక్క నవ్వింది.

ఫోన్ పెట్టేసి, ప్రోగ్రామ్‌కు అందించే నేల ఎత్తుల పట్టికను ఇంకోసారి చూసి, ఆమె నుదురు కొట్టుకుంది. కొత్తది అడ్డవరసల్లో అందిస్తుంటే పాతది నిలువు వరసల్లో చదువుకుంటోంది. ఊరంతా తారుమారు! పొద్దుటి నుంచీ తిట్లు తిన్న ముసలిదాని తప్పేమీ లేదు.

పట్టికను తిప్పి ఇచ్చింది. కొండ తేలింది.

"హమ్మయ్య! దారికొచ్చావా!" అని బల్ల చరిచింది.

చరిచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మ్యాపులో ఇప్పుడు ఏటి ఒడ్డంతా నీటి నీలం. చీకటి పడేలోగా అక్క వీధిలో మేడ ఎత్తున నీళ్ళు.

ఈసారి ఆమే ఫోన్ చేసింది.

"ఏమైందే, మాట విన్నదా నీ ముసలిది?"

"విన్నదక్కా. సామాను వదిలెయ్. పిల్లల్ని తీసుకుని కొండమీదికి పో."