ఆదివారం పని

కోడలు కారు ముందు చక్రం ఊడదీసి గోడకి ఆనించింది. పక్కనే ముక్కాలిపీట మీద అత్తగారు, చేతిలో టార్చి.

"పాత బెల్టుతో మాత్రం ఈ బండిని గేటు దాటనివ్వనే" అని పొద్దున్నే తేల్చి చెప్పేసిందావిడ. మధ్యాహ్నానికి బండి వెళ్లిపోవాలి. అందుకే ఇద్దరూ కాఫీ కూడా మానేసి షెడ్డులో దూరారు.

టైమింగ్ బెల్టు కిట్టు నెలల తరబడి బీరువా మీదే ఉంది. కొడుకే కొనితెచ్చాడు. "ఈ ఆదివారం వేసేస్తా" అన్నాడు. ఆ ఆదివారం మ్యాచ్ వచ్చింది. పై ఆదివారం వానొచ్చింది. ఆపైన నిద్రొచ్చింది.

"బద్ధకం వాళ్ల నాన్న ఆస్తి. ఇంకేం మిగల్చకపోయినా అది మాత్రం వీడి పేర రాసిచ్చి పోయాడు" అంది అత్తగారు.

కోడలు నవ్వలేదు. ఆటోమొబైల్ డిప్లొమా చేసింది తను. "నువ్వే వేసేయొచ్చుగా" అని మొగుడు బతిమాలితే, "నీ బండి, నీ చాకిరీ" అనేసింది.

ఇంజన్ పక్కన బెల్టు మీది కవరు విప్పింది. బెల్టుని బిగించి పట్టే టెన్షనర్ ఇంకా వదులు చేయనేలేదు, పాత బెల్టు చేతికొచ్చేసింది. కింద క్రాంక్ పుల్లీ గుర్తు ఒక దిక్కు, పైన క్యామ్ పుల్లీ గుర్తు ఇంకో దిక్కు. అలిగిన ఆలుమగల్లా.

అత్తగారు ఆ బెల్టు అందుకుని టార్చి వెలుగులో తిప్పి చూసింది.

"ఇదేనా? ఇంత రబ్బరు ముక్కేనా?"

"ఇదే అత్తయ్యా."

నడిరోడ్డు మీద ఇది తెగిందంటే ఇంజన్ ఠక్కున ఆగిపోతుంది. స్టీరింగు బిగుసుకుంటుంది. బండి ఉన్నచోటే చతికిలబడుతుంది. వెనకొచ్చేవాడికి ఆ కబురు ఎవరూ చెప్పరు.

కోడలు కొత్త వాటర్ పంపు తీసింది.

"బెల్టంటే సరే, పంపెందుకే?"

"దీని బేరింగ్ పోతే కొత్త బెల్టుని కూడా తినేస్తుంది."

"అంతేలే. ఒకడు పాడైతే పక్కవాడి కొంప కూడా ముంచాలిగా!"

పంపు బిగించింది. టెన్షనర్, బెల్టుని దారిలో ఉంచే ఐడ్లర్ చక్రం కొత్తవి వేసింది. పుల్లీలు రెండింటినీ విడివిడిగా తిప్పి, గుర్తులు కలిపి, బెల్టు ఎక్కించింది. పళ్లు సరిపోయాయో లేదో మళ్లీ మళ్లీ చూసుకుంది. క్రాంక్ బోల్టుకి స్పానర్ తగిలించి చేత్తో నెమ్మదిగా తిప్పింది. లోపల ఎక్కడో ఏదో గీసుకుంది.

"ఏంటే ఆ చప్పుడు?"

"ఏం లేదత్తయ్యా."

చక్రం బిగించి జాకీ దించింది. అత్తగారు గుప్పిట్లోంచి తాళంచెవి తీసింది.

"ఒక్కసారి స్టార్ట్ చేసి చూపించవే."

"వద్దత్తయ్యా."

"సరిగ్గానే వేశావా మరి?"

"ఒక్క పన్ను కూడా తప్పలేదు."

అత్తగారు వంగి, పసివాడి ఒళ్లు వెచ్చబడిందేమో చూసినట్టు, కొత్త బెల్టుని వేలితో తాకి చూసింది.

"ఇంక తెగదుగా?"

"తెగదు."

గేటు ముందు పాత ఇనుము లారీ ఆగింది. అందులోంచి దిగిన మనుషులు వెనకనుంచి డ్రైవరు సీటు దాకా నుజ్జునుజ్జయిపోయిన ఆ బండికి గొలుసు తగిలించారు.