మూడు నిమిషాల ఫోన్

"మళ్ళీ ఆరిపోయింది," అంటూ వదిన ఫోన్‌ను బల్ల మీద పెట్టింది.

ఫోన్లు బాగుచేసే మరిది గోడ గడియారం వైపు చూశాడు. రెండూ నలభై.

మూడింటికీ నాలుగింటికీ మధ్య బడి ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. గుమాస్తా ఉద్యోగం. ఎత్తనివాళ్ళను వదిలేసి జాబితాలో తర్వాతి పేరుకు వెళ్ళిపోతామని ఆఫీసు గోడకు అంటించిన కాగితంలో ముందే రాశారు. వదినకు జీతం సంగతి తర్వాత. ఆ ఉద్యోగానికి ఒక కుర్చీ ఉంది. తొమ్మిదేళ్లుగా బట్టల కొట్లో పొద్దుటి నుంచి చీకటి పడేదాకా నిలబడి, విప్పిన బట్టలే మళ్ళీ మడతపెట్టి, ఆమె పాదాలు ఏ చెప్పుల్లోనూ పట్టడం మానేశాయి.

"అన్నీ కొత్తవే వేశావు కదా, ఇంకా దీనికేం రోగం?" అంది స్టూలు మీద కూలబడుతూ.

"కొత్తవే వదినా. వాటిలో ఏదో ఒకటి నాకు అబద్ధం చెబుతోంది."

పోయిన నెల ఫోన్ కింద పడి పగిలితే అతనే డిస్‌ప్లే మార్చాడు. పనిలో పనిగా బ్యాటరీ, ఛార్జింగ్ బోర్డు కూడా మార్చాడు. అప్పటి నుంచి అది సరిగ్గా మూడు నిమిషాలు వెలిగి, గుడ్లు తేలేసి, మళ్ళీ మొదటి నుంచి లేస్తోంది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన రోజూ అదే తంతు. చివరికి విసుగొచ్చి మరిదే ఈ కొట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, వీధిలో అందరివీ నింపినట్టే, ఆమెదీ ఫోన్ నంబరుతో సహా టకటకా నింపేశాడు.

అతను సొరుగులన్నీ వెతికాడు. ఆ రకం ఫోన్‌కు సరిపోయే మంచి సామాను ఒక్కటీ దొరకలేదు. కాసేపు ఆలోచించి జేబులోంచి తన ఫోన్ తీశాడు. రెండూ ఒకే రకం. దాన్ని ఆపేసి, వీపు ఊడదీశాడు.

"నీది పాడుచేసుకోకురా," అంది వదిన.

"నాకెవరు చేస్తారు? అప్పులవాళ్ళూ నువ్వూ తప్ప."

ముందు తన బ్యాటరీ తీసి ఆమె ఫోన్‌కు పెట్టాడు. ఇద్దరూ గడియారం చూస్తూ కూర్చున్నారు. మూడు నిమిషాలకు ఫోన్ ఆరిపోయింది. డిస్‌ప్లే మార్చాడు. ఈసారి వదిన కళ్ళు మూసుకుని లెక్కపెట్టింది. నూట డెబ్భై దాకా వచ్చాక తెరిచి చూసింది. అంతలోనే ఆరిపోయింది.

"మనింట్లో మీ అన్నయ్య కూడా ఇంతే," అంది నీరసంగా. "మూడు నిమిషాలు పనిచేస్తే గొప్ప."

మిగిలింది ఛార్జింగ్ బోర్డు ఒక్కటే. వేలిగోరంత మరలు. మరిది కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, చొక్కా చేతికి తుడుచుకుంటూ బిగించాడు. మూడు నిమిషాలు గడిచాయి. నాలుగు, అయిదు. ఫోన్ నిశ్చింతగా వెలుగుతూనే ఉంది.

"దొంగ దొరికాడు," అన్నాడతను. టైం మూడూ అయిదు.

వదిన ఫోన్‌ను పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుంది. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. గంట శబ్దం పెంచింది. అనుమానం వచ్చి, పక్క కొట్టు టైలర్‌ను పిలిచి అతని ఫోన్ నుంచి ఒకసారి చేయించింది. శుభ్రంగా మోగింది. వెంటనే కట్ చేసేసింది, ఆ క్షణంలోనే వాళ్ళు చేస్తే ఎంగేజ్ వస్తుందేమోనని.

మూడున్నర అయింది. మూడూ ముప్పావు అయింది. మంచినీళ్ళకు కూడా లేవలేదు. నాలుగు కొట్టాక ఇంకో పది నిమిషాలు చూసి, చెప్పుల్లోకి పాదాలు దూర్చుకోవడం మొదలుపెట్టింది.

"ఆఫీసు గడియారాలు ఆలస్యంగా నడుస్తాయి వదినా, కూర్చో," అన్నాడు మరిది.

"కూర్చునే రాత ఉంటే ఈపాటికి మోగేది," అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో. "పోనీలే. నువ్వు చేయగలిగిందంతా చేశావు."

అతను చేతులు ఊరుకోక, విప్పి పడేసిన తన ఫోన్‌లో ఆమె ఫోన్ పాత సామాన్లు బిగించాడు. ఇంటికి వెళ్ళేదాకా మూడేసి నిమిషాలైనా పనిచేస్తుంది కదా అని ఆన్ చేశాడు.

తెర వెలిగింది. ఒకదాని వెనక ఒకటి టింగుమని మెసేజ్‌లు వచ్చి పడ్డాయి. మరిది చదువుతూ ఆగిపోయాడు.

"ఎవర్రా?" అంది వదిన. అతను తన ఫోన్‌ను ఆమె వైపు తిప్పాడు. ఆమే వంగి చదివింది.

"బడి ఆఫీసు నుంచి. దరఖాస్తులో మీరిచ్చిన ఈ నంబరుకు మూడుసార్లు చేశాం, స్విచాఫ్ వస్తోంది. తర్వాతి పేరుకు వెళ్తున్నాం."