స్తంభం వెనక సీటు

“లేవాలమ్మా. ఈ సీటు ఇక లేదు,” అన్నాడు గేలెన్.

ఆమె లేవలేదు. కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, ఎదురుగా ఉన్న ఇనుప స్తంభం వైపే చూస్తూ కూర్చుంది.

గేలెన్ ఆ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంలో సీట్లు చూపించే ముసలాయన. పసుపు జాకెట్టు తప్ప ఆయనకు వేరే అధికారం లేదు. “కాలేజీవాళ్ళు ఈ వారమే చెప్పారు, స్తంభాల వెనక ఎవర్నీ కూర్చోబెట్టొద్దని. మైదానం కనబడదని జనం ఒకటే గొడవ. మీకు నడిమి గీతకి ఎదురుగా ఇచ్చారు. వీపు ఆన్చుకునే కుర్చీ.”

“వద్దండీ. నాకిదే బాగుంది.”

పక్కనున్న డెల్విన్ క్రౌజ్ ఉండబట్టలేకపోయాడు. ఆయనా, ఆయన భార్య ఆర్డిత్ ఏళ్ళ తరబడి అదే బల్ల మీద కూర్చుని ఆట చూస్తున్నవాళ్ళు. ఈమె మాత్రం ఈ ఏడే వస్తోంది. ప్రతి ఆటకీ ఒంటరిగా వచ్చి, ఆ స్తంభం వెనకే కూర్చుంటుంది.

“ఏం బాగుందమ్మా ఇక్కడ?” అన్నాడు. “బల్ల చూస్తే మంచుగడ్డ. బాత్రూమ్‌కి లేస్తే క్యూలోనే సగం ఆట అయిపోతుంది. ఇక ఆ స్తంభం మా పాస్టరుగారి లాంటిది. దారికడ్డంగా నిలబడుతుంది, ఎంత బతిమాలినా కదలదు.”

“పాస్టరుగారి జోలికెళ్ళకు, రేపు ఆదివారం,” అంది ఆర్డిత్. “ఆ స్తంభాలు లేకపోతే ఈ కప్పు ఎక్కడ నిలుస్తుంది? కప్పు లేకపోతే మన అరుపంతా ఆకాశంలోకి పోతుంది. కొత్త స్టేడియాలు చూశావుగా. మెత్తటి కుర్చీలు, చప్పుడే ఉండదు. చావింట్లో కూర్చున్నట్టుంటుంది.”

“చావింట్లో కనీసం శవమైనా కనబడుతుందే.”

గేలెన్ నవ్వలేదు. “అమ్మా, మీరు లేవకపోతే మాటపడేది నేను.”

అప్పుడామె తలెత్తింది. “మా అబ్బాయి ఆడుతున్నాడండీ.”

నెబ్రాస్కా చలిగాలి బల్లల సందుల్లోంచి కొడుతోంది.

“చూడలేను,” అందామె. “పోనీ ఇంట్లో ఉందామంటే ఉండలేను. ఇక్కడైతే వినబడుతుంది, కనబడదు. ఇంతకంటే మంచి చోటు నాకు ఈ ఊళ్ళో లేదు.”

ఆర్డిత్ భర్తని పక్కకి జరిపి, వచ్చి ఆమెని ఆనుకుని కూర్చుంది. తన కంబళి సగం ఆమె మోకాళ్ళ మీద కప్పింది. “గేలెన్, నీకు చూపు మసకే కదా?”

గేలెన్ కళ్ళు నులుముకున్నాడు. “ఈ వరసలో నాకెవరూ కనిపించలేదు,” అని మెట్లు దిగిపోయాడు.

ఆట మొదలైంది. కప్పు కింద అరుపులు గుండెల్ని అదరగొడుతున్నాయి. బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఎవరో ఒకరు అడ్డంగా పడేయడం, జనం గోలచేయడం. గోల వినబడిన ప్రతిసారీ ఆమె ఒకటే మాట అడుగుతోంది.

“లేచాడా?”

“లేచాడు తల్లీ. దులుపుకుంటున్నాడు,” అంటోంది ఆర్డిత్. పడ్డది మనవాడా, బయటూరి జట్టువాడా అని ఆమె అడగడం లేదు. ఎవరు పడ్డా అదే ప్రశ్న. తల్లి మనసు, అనుకుంది ఆర్డిత్.

“పడ్డం, లేవడం. ఆటంటే అదేగా,” అన్నాడు డెల్విన్.

విరామం తరవాత కాసేపటికి, బయటూరి జట్టు పిల్లాడొకడు బంతి కోసం గాల్లోకి ఎగిరాడు. మనవాడొకడు పక్కనుంచి దూసుకొచ్చాడు. డెల్విన్ లేచి నిలబడి, “కొట్టు!” అని అరిచాడు. దెబ్బ చప్పుడు పై వరసదాకా వినబడింది. స్టేడియమంతా ఒక్కసారిగా హోరెత్తింది. ఆ హోరు కింది వరసల్లో ఆగింది, తరవాత పైన ఆగింది. మైదానంలో రెండు జట్లవాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడ పడ్డవాడి కోసం ఒక మోకాలు నేలకానించి కూర్చున్నారు.

“లేచాడా?”

ఆర్డిత్ మెడ చాచి మైదానం వైపే చూస్తోంది. డెల్విన్ వంగి, గొంతు తగ్గించి చెప్పాడు. “భయపడకమ్మా. మనవాడు కాదు. వాళ్ళ పిల్లాడు.”

“లేచాడా అండీ?”

“లేదమ్మా. కాళ్ళు కదలడం లేదు. బండి తెస్తున్నారు.”

ఆమె కంబళి అంచుని గుప్పిట పట్టుకుంది. పడేసినవాడి పేరు మైకులో చెప్పడం ఆ స్టేడియంలో ఆనవాయితీ. ఈసారి మైకు పలకలేదు.

“కొట్టిందెవరు?” అని అడిగింది.

“మన ఇరవైయేడో నంబరు వాడు. మొదటి సంవత్సరం పిల్లాడు. అడుగో, హెల్మెట్ తీసి, అందులో మొహం దాచుకుని ఏడుస్తున్నాడు.”

ఆర్డిత్ ఆమె భుజం చుట్టూ చెయ్యేసి దగ్గరికి తీసుకుంది. ఆర్డిత్ కళ్ళు తడిగా ఉన్నాయి. “కన్నతల్లి ఎక్కడుందో పాపం. నువ్వు ఊపిరి పీల్చుకోమ్మా. నీ బిడ్డ క్షేమంగా ఉన్నాడు, నాకది చాలు.”

“పోయినేడు హైస్కూలు ఆటలో పడిపోయిన పిల్లాడు ఇంకా చక్రాల కుర్చీలోనే ఉన్నాడండీ,” అందామె, స్తంభం మీంచి చూపు తిప్పకుండా. “ఇద్దర్నీ కొట్టింది మావాడే.”