రోడ్డు వైపు దుక్కి

అతను చేను దున్నాడు. రోడ్డు వైపు మాత్రమే దున్నాడు.

టీ కొట్టు దగ్గర జనం చేరే వేళ చూసి ఎడ్లను కట్టాడు. ఊరంతా వినపడేలా అదిలిస్తూ నాలుగు చాళ్లు తిప్పాడు. దారిన పోయేవాళ్లు చూశారనుకున్నాక ఎడ్లను విప్పేశాడు. చాళ్ల వెనక ముళ్లకంప అడ్డం కట్టాడు. మేకల కోసం అని చెప్పాడు. కంప అవతల నిరుడు జొన్న కోశాక మిగిలిన కొయ్యకాళ్లు అలాగే ఉన్నాయి. వాటి మధ్య చొప్ప పరిచి ఉంది. చొప్ప సందుల్లో పారతో తవ్విన గుంతలున్నాయి.

భార్య గట్టు మీద నిలబడి చూసింది.

"గడ్డం గీసుకుని స్నానం మానేసినట్టుంది."

"అసలు దున్నకపోతే నలుగురూ ఏమంటారే?"

"నలుగురూ వచ్చి మన చేలో వాన కురిపిస్తారా? నిరుడు దున్నాం, ముందటేడు దున్నాం. మట్టి గాలికి పోయింది, గింజ చేతికి రాలేదు."

"నలుగురి సంగతి సరే. మామ?"

ఆమె ఒకసారి కంప వైపు చూసి గట్టు దిగింది.

మామ అంటే అతని మేనమామ. చేను ఆయనది. ఇతను కౌలుకి చేసుకుంటున్నాడు. వేరే చేను లేదు.

ఎండాకాలంలో వ్యవసాయ శాఖ నుంచి ఒక అమ్మాయి వచ్చి బడి వరండాలో మీటింగు పెట్టింది. దున్నొద్దు, చొప్ప తగలెయ్యొద్దు, గుంతలు తీసి విత్తండి, పడ్డ చినుకు పడ్డచోటే ఆగుతుంది అని చెప్పింది. అందరికన్నా ముందు మామ లేచాడు.

"స్తంభాలకి గుంతలు తవ్వుతారమ్మా. విత్తనాలకి కూడానా? ఎంత లోతేమిటి?"

"జానెడు చాలు పెద్దాయనా."

జనం నవ్వారు.

"అందులో ఎరువు కూడా వడ్డించాలేమో పాపం!"

"రెండు దోసిళ్లు వెయ్యాలి. వాన రాకముందే."

ఇంకా నవ్వారు.

"మరి చొప్ప? దుప్పటిలా కప్పి జోకొట్టాలా?"

"కప్పాలి. మొలక వచ్చే చోటు వదిలెయ్యాలి."

అమ్మాయి దేనికీ కోపం తెచ్చుకోలేదు. మామ జనం వైపు తిరిగాడు.

"వినండిరా. నాగలి పెట్టని చేను దువ్వని తల. నాగలి పెట్టనివాడి చేతిలో నా చేను ఒక్క పూట ఉండదు."

చివరి మాట అంటున్నప్పుడు మేనల్లుడి వైపు చూశాడు. మేనల్లుడు అందరితోపాటు నవ్వాడు. ఇంటికొచ్చి పార వెతుక్కున్నాడు.

ఆ ఊళ్లో చేను దున్ననివాణ్ని సోమరి అనరు. ఉన్నాడా, పోయాడా అని అడుగుతారు.

తొలివాన పడింది. మొగుడూ పెళ్లాం గుంతల్లో గింజలు వేశారు. మర్నాడు మామ వచ్చి రోడ్డు మీదే నిలబడ్డాడు. మేనల్లుడు కంప దాటి పరిగెత్తుకొచ్చాడు.

"దుక్కి బాగా తిరగేశావురా అల్లుడూ."

"మీ దగ్గర నేర్చుకున్నదే మామా."

"లోపల కూడా ఇలాగే ఉందా?"

"ఇంతకన్నా బాగుంది."

మామ చాళ్లలోకి ఒక అడుగు వేశాడు. మేనల్లుడు కంపకి అడ్డంగా జరిగాడు. మామ కంప మీదుగా మెడ సాచబోయి ఆగాడు.

"కంప ఇంకాస్త ఎత్తు కట్టరా. మేకలు దూకుతాయి."

అంతే, వెళ్లిపోయాడు.

"గండం గడిచింది," అన్నాడు మేనల్లుడు ఇంటికొచ్చి.

"ఎక్కడ గడిచింది?" అంది భార్య. "రేపు మొలకలొస్తాయి. గుంతలో మొలిచిందేదో చాల్లో మొలిచిందేదో పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ సేద్యం చేసినవాడికి తెలీదా? ఎవరో చెప్పేలోపు నువ్వే చెప్పు. చేను పోతే పోయింది, మాట దక్కుతుంది."

"చేను పోయాక మాట వండుతావా?"

అన్నాడే గాని, మరుసటి పొద్దున్నే బయల్దేరాడు. దారంతా మాటలు కూర్చుకున్నాడు. తప్పయింది మామా అని మొదలుపెట్టాలా, వాన నీళ్లు ఒక్క చుక్క బయటికి పోలేదు మామా అని మొదలుపెట్టాలా తేలలేదు.

మామ సొంతంగా చేసుకునే ఇంకో చేను రోడ్డు పక్కన దువ్వినట్టుంది. ఒక్క చాలు వంకర లేదు. మట్టి గడ్డ లేదు. అది చూసేసరికి ఇతనికి ఉన్న ధైర్యం కూడా పోయింది.

"మామా!"

పలకలేదు. చాళ్ల వెనక కట్టిన కంచె అవతల దగ్గు వినపడింది. ఇంకోసారి పిలిచాడు. దగ్గు ఆగిపోయింది.

చెప్పులు విడిచి చేత పట్టుకుని, చాళ్లు తొక్కకుండా దాటి, కంచె తడిక తోశాడు.

మామ జొన్న కొయ్యకాళ్ల మధ్య గొంతుక్కూర్చుని, ఒక చేత్తో చొప్ప పక్కకి తప్పించి, రెండో చేత్తో గుంతలో గింజలు వేస్తున్నాడు.