ముందు వరుసలో కుర్చీ

ఆ ఉదయం సేల్స్ అమ్మాయి కాళ్లు నేలమీద ఆనడం లేదు.

హాలు నిండా స్పీచ్ థెరపిస్టులే!

ఇన్నాళ్లూ వైద్య పరికరాలమ్మే కంపెనీలన్నీ డాక్టర్ల గుమ్మాల దగ్గరే పడిగాపులు కాశాయి. మాట పోయినవాళ్ల పక్కన కూర్చుని అక్షరం అక్షరం పలికించేవాళ్ల మొహం చూసిన నాథుడు లేడు.

"మన యంత్రం ముందు వీళ్లకే చూపిద్దాం సార్!" అన్నది ఈ అమ్మాయే.

మేనేజరు సరేనన్నాడు, మెలిక పెట్టి. ఇవాళ ఒక్క ఆర్డరైనా రాకపోతే, మాట నేర్పే ఈ యంత్రం మూలపడుతుంది, అమ్మాయి ఉద్యోగమూ ఊడినట్టే.

ముందు వరుసలో చేతికర్రతో ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల.

"నమస్కారం సార్! ఏ క్లినిక్?"

ఆయన నవ్వాడు. "నే... నేను..."

ఎదుటివాళ్ల మాట అందుకుని పూర్తి చెయ్యడం అమ్మాయికి ఉద్యోగం నేర్పిన అలవాటు.

"థెరపిస్టుని కాదంటారు, అంతేగా?"

ఆయన తలూపాడు. మళ్లీ నోరు తెరిచాడు.

"ఈ మీటింగూ, భోజనాలూ థెరపిస్టులకే సార్, ఏమీ అనుకోకండి. ఆ కుర్చీ కాస్త ఖాళీ చేస్తారా?"

ఆయన మైకు వంక ఒకసారి చూసి, మెల్లగా లేచి వెళ్లిపోయాడు.

ఇక అమ్మాయి చెలరేగిపోయింది! యంత్రం ఎలా పనిచేస్తుందో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చప్పట్లు మోగాయి.

వెనక నుంచి ఒకావిడ లేచింది.

"బాగా చెప్పావమ్మా. దీంతో మాట వచ్చిన మనిషిని ఒక్కరిని చూపించు."

"వీడియో ఉంది మేడమ్!"

"వీడియోలు మేమూ తీస్తాం."

హాలంతా నవ్వులు. ఒక్కొక్కరే బ్యాగులు సర్దుకోవడం మొదలుపెట్టారు.

అప్పుడే ఒక సీనియర్ థెరపిస్టు ఆయాసపడుతూ వచ్చింది. వాడి చూస్తానని ముందే ఒక యంత్రం తీసుకెళ్లింది ఈవిడే.

"పేషెంటు వదల్లేదమ్మా, ఆలస్యమైంది! మా పెద్దాయన మాట్లాడారా?"

"ఏ... ఏ పెద్దాయన మేడమ్?"

"చేతికర్రతో ఉంటారే! నేనే ఆటో ఎక్కించి పంపాను."

అమ్మాయి ఒక్క పరుగున వీధిలోకి వచ్చింది. పెద్దాయన ఎక్కడా లేడు.

వెనకే వచ్చిన సీనియర్ థెరపిస్టు, అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది.

"పక్షవాతం వచ్చాక ఆయన నోట మాటే లేదమ్మా. మీ యంత్రంతో కూడబలుక్కుని నేర్చుకున్న మొదటి వాక్యం, ఇవాళ మైకులో మీ తరఫునే చెబుతానని వచ్చారు."