ఒకటే కుర్చీ

“కాస్త కూర్చోవే అమ్మాయ్. నువ్వలా తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి,” అంది టీచరమ్మ.

నర్సమ్మ కూర్చుంది. మళ్ళీ లేచింది. ముఖ్యమంత్రి గది తలుపు ఇంకా మూసే ఉంది. ఆ శాసనసభకు ఆడవాళ్ళు గెలిచి రావడం అదే మొదలు. గెలిచింది వీళ్ళిద్దరే. ఎన్నికల్లో ఒకే జీపులో తిరిగారు, ఒకరి గొంతు పోతే ఇంకొకరు మాట్లాడారు. చూసినవాళ్ళు సొంత అక్కాచెల్లెళ్ళే అనుకున్నారు. ఇప్పుడు మంత్రివర్గంలో ఆడవాళ్ళకిచ్చేది ఒకటే కుర్చీ అని పొద్దుటినుంచి వరండా అంతా గుసగుసలు.

“నీకే ఇస్తారులే అక్కా. చదువుకున్నదానివి.”

“నీకేం తక్కువ? చూద్దాం ఉండు.”

కార్యదర్శి తలుపు తీసి టీచరమ్మను పిలిచాడు. నర్సమ్మకు కాలు నిలవలేదు. నర్సుగా ఆపరేషన్ గది బయట ఎందరినో కూర్చోబెట్టి ధైర్యం చెప్పిన మనిషి, ఇప్పుడు తన చేతిసంచి పిడిని నలిపేస్తోంది. అక్కకు వస్తే సంతోషపడాలి. పడగలనా? అలా అనుకున్నందుకు తనమీద తనకే చిరాకేసింది.

తలుపు తెరుచుకుంది. టీచరమ్మ మొహం కందిపోయి ఉంది.

“లోపల తొందరపడకు,” అంది. ఇంకేదో చెప్పబోయింది గానీ, కార్యదర్శి అడ్డొచ్చాడు. “రండమ్మా, అయ్యగారికి టైం లేదు,” అంటూ నర్సమ్మను లోపలికి తోసినంత పని చేశాడు.

తనకు దక్కింది కాబట్టే నాకు నీతులు, అనుకుంది నర్సమ్మ.

ముఖ్యమంత్రి కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

“ఆరోగ్యశాఖ మీకిస్తున్నానమ్మా. సాయంత్రం ప్రమాణం.”

“నాకా? మరి అక్క?”

“ముందు ఆవిడనే అడిగాను. ఒప్పుకోలేదు.”

“ఎందుకనండీ?”

“మీ గురించి చాలా గొప్పగా చెప్పారు. మీరూ కాదంటే ఇప్పుడే చెప్పండి. బయట మగవాళ్ళు బారులు తీరి ఉన్నారు.”

నర్సమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క గురించి ఎంత తప్పుగా అనుకున్నాను, అనుకుంది.

“సరేనండి,” అంది.

సాయంత్రం ప్రమాణం చేసింది. హాలంతా చప్పట్లు. తొలి మహిళా మంత్రి అంటూ ఫొటోగ్రాఫర్లు చుట్టుముట్టారు. ఆమె కళ్ళు మాత్రం ఒక్క మనిషి కోసమే వెతుకుతున్నాయి. జనాన్ని తప్పించుకుని మెట్ల దగ్గరికి వచ్చేసరికి, టీచరమ్మ గొడుగు తెరిచి వెళ్ళిపోబోతోంది.

“అక్కా,” అంటూ వెళ్ళి చెయ్యి పట్టుకుంది. “నిన్ను అపార్థం చేసుకున్నాను, క్షమించు. నాకోసం పదవే వదులుకున్నావు. ఈ రుణం ఎలా తీర్చుకోను?”

టీచరమ్మ చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

“వదులుకున్నానని ఎవరు చెప్పారే నీకు?” అంది.

గొడుగు ఎత్తి పట్టుకుంది. “ఇద్దరికీ ఇస్తేనే వస్తానని ముఖ్యమంత్రితో అన్నాను.”